ఏం కూరకో చెప్పి కొట్టించుకోండి

ఆదివారం పొద్దున హైదరాబాద్‌లో ఏ గల్లీ మటన్ దుకాణం ముందు నిలబడ్డా ఎక్కువగా వినబడే మాట ఒకటే: ‘‘అన్నా, కిలో కొట్టు.’’ దుకాణదారుకు ఏమాత్రం అక్కరకు రాని మాట కూడా అదే. ఏ భాగంలోంచి కొట్టాలి? బొక్క ఎంత పడాలి? కొవ్వు ఉంచాలా, తీసేయాలా? ముక్క ఏ సైజు? ఇవేవీ చెప్పని గిరాకీకి అతను చేతికందినదేదో తూచి కట్టిస్తాడు. అందులో అతని తప్పేమీ లేదు. అదే వరసలో వెనక నిలబడ్డ పెద్దావిడ మాత్రం ‘‘దోసకాయల వేస్తున్న బిడ్డా, సీనా ముక్కలు పడాలె, మెడది కొంచెం కలుపు’’ అంటుంది. ఇద్దరూ ఇచ్చే డబ్బు ఒకటే. ఇంటికి వెళ్లే మాంసం మాత్రం ఒకటి కాదు.

ఈ తేడా తెలియకుండానే నగరాల్లో ఒక తరం మాంసం వండుకుంటోంది. బెంగళూరులో 2015లో మొదలైన ఆన్‌లైన్ మాంసం అమ్మకాల సంస్థ లిషియస్ 2021 నాటికి వంద కోట్ల డాలర్ల విలువైన కంపెనీ అయింది. ఆ దారిలో మరెన్నో వచ్చాయి. ఫోన్‌లో నొక్కితే గంటలో శుభ్రమైన డబ్బా గుమ్మంలో ఉంటుంది. దాని మీద ‘కర్రీ కట్’ అని రాసి ఉంటుంది. గోంగూరకూ అదే, బిర్యానీకీ అదే, పులుసుకూ అదే. వంట చెడిందంటే మసాలా కంపెనీని తిట్టుకుంటారు, కుక్కర్ విజిళ్లు లెక్కపెడతారు, యూట్యూబ్‌లో మరో వీడియో వెతుకుతారు. ముక్క ఎక్కడిదన్న అనుమానం రాదు. వచ్చినా డబ్బాను అడగలేరు.

పేట దుకాణంలో అడగొచ్చు. అక్కడి సుఖమంతా ఆ అడగడంలోనే ఉంది.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. జీవం బతికినన్నాళ్లూ ఎక్కువ పనిచేసిన కండ వేరు, తక్కువ పనిచేసిన కండ వేరు. మేత కోసం రోజంతా వంగి లేచే మెడ, మైళ్లకు మైళ్లు నడిచే కాళ్లు గట్టిగా తయారవుతాయి. వాటిలో కండను పట్టి ఉంచే కొలాజెన్ ఎక్కువ. సన్నని సెగ మీద చాలాసేపు ఉడికితే ఆ కొలాజెన్ కరిగి జిలాటిన్‌గా మారుతుంది. పులుసుకు చిక్కదనం, వేళ్లకు జిగురు దాంతోనే వస్తాయి. అందుకే మెడ, నల్లి, సీనా (రొమ్ము భాగం) పులుసు కూరలకు కుదురుతాయి. పెద్దగా శ్రమపడని నడుము భాగం, చాప్స్ ముక్కలు పెనం మీద వేపుకోవడానికి పనికొస్తాయి. వాటిని గంటసేపు ఉడికిస్తే పీచుపీచుగా విడిపోతాయి. తొడలో కండ ఎక్కువ, బొక్క తక్కువ. ఖీమాకు, వేపుడుకు జనం తొడే అడుగుతారు. పచ్చి మాంసాన్ని, సగం ఉడికిన బియ్యాన్ని కలిపి దమ్ చేసే కచ్చి బిర్యానీకి మాత్రం కండ ఒక్కటే చాలదు, అది లేతది కావాలి. బియ్యం ఉడికేలోపు ముక్క కూడా ఉడకాలి కదా. అందుకని తెలిసినవాళ్లు లేత జీవం జబ్బ, తొడ కలిపి కొట్టించుకుంటారు, ముక్కలు పెద్దవిగా.

గోంగూరకు, చింతచిగురుకు, మామిడికాయకు కొవ్వున్న ముక్క కావాలి. పులుపును కాసేది ఆ కొవ్వే. ‘కొవ్వంతా తీసేయ్’ అని దుకాణంలో ఆజ్ఞాపించి, ఇంటికొచ్చి గోంగూర మాంసం పుల్లగా తేలిందని వాపోయేవాళ్లు ఉన్నారు. ఈ సంగతి మటన్ కొట్టే మనిషికి తెలుసు. గోంగూరకు అని చెబితే రెండు సీనా ముక్కలు అతనే వేస్తాడు.

పని చూడటం కూడా ఒక సరదా. దుకాణం మధ్యలో చింత మొద్దు ఉంటుంది. చింత చెక్క గట్టిది, కత్తి దెబ్బకు తేలిగ్గా పొట్టు రాలదు. ఏళ్ల తరబడి దెబ్బలు తిని దాని నడిమి భాగం పళ్లెంలా గుంటపడి ఉంటుంది. పాతకాలం పద్ధతిలో కొట్టే మనిషి గద్దె మీద కూర్చుని, పొడవాటి కత్తిని కాలి వేళ్ల మధ్య నిలబెట్టి పట్టుకుంటాడు. రెండు చేతులతో మాంసాన్ని పట్టి ఆ పదును మీదికి లాగుతాడు. కత్తి కదలదు, మాంసమే కదులుతుంది. బొక్క వచ్చినప్పుడు మాత్రం బరువైన కత్తి అందుకుంటాడు. ఒక్క దెబ్బ. రెండో దెబ్బ పడిందంటే బొక్క చిట్లిపోయి, సన్నని పెంకులు కూరలోకి, అక్కడి నుంచి పంటికిందికి వస్తాయి. చేయి తిరిగినవాడెవడో, నిన్న చేరినవాడెవడో తెలుసుకోవాలంటే ఇంటికెళ్లి ఆ ముక్కల అంచులు తడిమి చూస్తే చాలు.

ఖీమా విషయంలో అయితే దాదాపు రెండు పార్టీలు ఉన్నాయి. మిషన్‌లో వేస్తే రెండు నిమిషాల పని, కానీ మాంసం నలిగి ముద్దవుతుంది. మొద్దు మీద కత్తితో కొడితే పావుగంట పడుతుంది, చిన్న చిన్న పలుకులు పలుకులుగానే ఉంటాయి. ఆదివారం రద్దీలో కత్తి ఖీమా అడగడం అన్యాయం. బుధవారం సాయంత్రం అడిగితే ఎవరూ కాదనరు.

తినడంలో తెలుగువాళ్ల లెక్కలు చిన్నవేమీ కావు. కేంద్రం 2014 నాటి సర్వే ఆధారంగా ప్రకటించిన గణాంకాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ పదిహేనేళ్లు దాటినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులే. పెంచడంలోనూ ముందే ఉన్నారు. 2019 పశుగణన ప్రకారం దేశంలో 7.43 కోట్ల గొర్రెలుంటే తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు. అంటే దేశంలోని ప్రతి రెండు గొర్రెల్లో దాదాపు ఒకటి తెలుగు నేల మీద మేస్తోంది. తెలంగాణలో గొల్ల కురుమ కుటుంబాలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీతో ఇచ్చే పథకం 2017 జూన్‌లో మొదలైంది. 2012లో 1.28 కోట్లున్న మంద ఏడేళ్లలో అంత పెరగడంలో దానికీ వాటా ఉంది. అయినా హైదరాబాద్‌లోని జియాగూడ గొర్రెల మండీకి బయటి రాష్ట్రాల లారీలు రావడం ఆగలేదు. రాజధాని ఆకలి అలాంటిది.

పొట్టేలా, మేకా అన్నది మరో పంచాయితీ. నెల్లూరు గొర్రె దేశంలోకెల్లా ఎత్తైన గొర్రె జాతి. ఒంటి మీద ఉన్నికి బదులు కురచ వెంట్రుకలే ఉంటాయి. తెల్లటి ఒంటితో, మూతి చుట్టూ కళ్ల చుట్టూ నల్లమచ్చలతో ఉండే జోడిపి రకాన్ని తెలుగు జిల్లాల్లో చూడని రైతు ఉండడు. పొట్టేలు మాంసంలో కొవ్వు కండ మధ్యకు కూడా పాకుతుంది, మేకలో అది తక్కువ. కొవ్వు వద్దనుకునేవాళ్లు మేక అంటారు, రుచి కావాలనేవాళ్లు పొట్టేలు అంటారు. అడిగితే ఏది వేలాడుతోందో దుకాణదారు చెబుతాడు. అడగకపోయినా చూసి తెలుసుకునే ఏర్పాటు కూడా ఉంది. తోలు తీశాక కూడా తోకను అలాగే ఉంచుతారు. సన్నగా కిందికి వాలిందా, కురచగా పైకి లేచిందా అన్నదాన్ని బట్టి జీవమేదో తెలుస్తుంది. మగదని చూపించే గుర్తులు కూడా కోయకుండా ఉంచుతారు. ముదురుదో లేతదో తెలియాలంటే పళ్లు చూడాలి. కాపరులు సంతలో పొట్టేలు నోరు తెరిచి ‘పాలపండ్లు’, ‘రెండు పండ్లు’, ‘నాలుగు పండ్లు’ అని వయసు కట్టేది అందుకే. రెండు పండ్లంటే సుమారు ఏడాది నుంచి ఏడాదిన్నర. నగరంలో తలకాయ ఎదురుగానే ఉంటుంది కాబట్టి కావాలంటే గిరాకీ కూడా చూసుకోవచ్చు. ఎవరూ చూడరు, అది వేరే సంగతి.

పాతికేళ్ల కిందటి దాకా పల్లెల్లో పండగ మాంసం దుకాణానికి కాదు, చెట్టు కిందికి వచ్చేది. నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒక యాటను కొని, కోయించి, ఆకుల మీద పోగులు పెట్టేవారు. ప్రతి పోగులో తొడ ముక్క పడాలి, కార్జం ముక్క పడాలి, బోటి కొంచెం పడాలి. ఎవరి పోగులోనైనా బొక్క ఎక్కువైతే అక్కడే తగాదా. ఇప్పటికీ చాలా ఊళ్లలో దసరాకూ ముక్కనుమకూ ఇది జరుగుతుంది. ఆ పద్ధతిలో జీవంలో ఏదీ పారేయరు. పేట దుకాణం కూడా ఆ లెక్క మీదే నడుస్తుంది. పాతిక కిలోల పొట్టేలును కోస్తే తూకానికి వచ్చే మాంసం పన్నెండు కిలోల అటూ ఇటూ ఉంటుంది. మిగతా దాంట్లో తల, కాళ్లు, కార్జం, తిల్లి, గుర్దాలు, బోటి, నల్ల, తోలు. ఇవన్నీ విడివిడిగా అమ్ముడుపోతేనే దుకాణదారుకు గిట్టుబాటు. డబ్బాల వ్యాపారంలో వీటిలో కొన్నింటికే చోటు ఉంటుంది.

నిజానికి డబ్బు కలిసొచ్చేది ఇక్కడే. కిలో మటన్ ఎనిమిది వందలు దాటిన రోజుల్లో తలకాయ, కాళ్లు, బోటి తెచ్చుకునే ఇల్లు సగం ఖర్చుతో రెండు పూటలు తింటుంది. చేసుకోవడం కష్టమనేది పాత మాట. తలకాయను, కాళ్లను మంట మీద కాల్చి, బొచ్చు గీకి, కొట్టి ఇచ్చేవాళ్లు దుకాణం పక్కనే ఉంటారు. బోటి వేడినీళ్లలో వేసి తువ్వాలు భాగాన్ని గీకి శుభ్రం చేసి ఇచ్చే ఆడవాళ్లు చాలా మార్కెట్లలో కనిపిస్తారు. వాళ్లిచ్చాక ఇంట్లో పసుపు, ఉప్పు వేసి మరోసారి కడిగితే సరిపోతుంది. లాభం డబ్బుతోనే ఆగదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం ఉన్నట్టు తేలింది. మాంసంలోని ఇనుము ఆకుకూరల్లోని ఇనుముకన్నా సులువుగా ఒంటికి పడుతుంది. కార్జంలో అది మరీ ఎక్కువ. అందులో విటమిన్‌-ఎ కూడా విపరీతం కాబట్టి గర్భిణులు మాత్రం డాక్టరును అడిగాకే తినాలి. ఇంటికి తెచ్చిన పావుకిలో కార్జం వేపుడు ముందు ఎవరి కంచంలో పడుతోంది అనే ప్రశ్నను ఈ అంకెల పక్కన పెట్టి చూడటం మంచిది.

ఇక తాజాదనం. ‘ఇప్పుడు కోసిందేనా?’ అన్నది గిరాకీల ఇష్టమైన ప్రశ్న. దీంట్లో సగమే నిజం ఉంది. కోసిన కొన్ని గంటలకు కండరాల్లోని నిల్వలు ఖర్చయిపోయి మాంసం బిగుసుకుంటుంది. బిగుసుకోకముందే వండితే మెత్తగా ఉడుకుతుంది, బిగిసిన గంటల్లో వండితే గట్టిగా ఉంటుంది. చల్లటి చోట ఒకటి రెండు రోజులు ఉంచితే మాంసంలోని ఎంజైములే దాన్ని మళ్లీ మెత్తబరుస్తాయి. పొద్దున ఆరింటికి కోసింది ఎనిమిదింటికి తెచ్చి పొయ్యి మీద పెట్టేవాళ్లకు ఇబ్బంది లేదు. అదే మాంసాన్ని మధ్యాహ్నం దాకా బయట వేలాడదీసి, సాయంత్రం వండితే రెండువిధాలా నష్టం. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచిన మాంసం పాచిపోయిందనే భయం మన ఇళ్లలో ఇంకా పోలేదు. చల్లగా ఉంచే విషయంలో డబ్బా కంపెనీలదే పైచేయి అని ఒప్పుకోవాలి.

ఇంకా కొన్ని ఒప్పుకోవాలి. రోడ్డు దుమ్ముకు ఎదురుగా వేలాడే మాంసం, ఈగలు, ఒకే బకెట్ నీళ్లలో పొద్దుటి నుంచి ముంచుతున్న కత్తి, వెనక కాలువలోకి నేరుగా పోయే నెత్తురు: ఇవి చూసి మొహం తిప్పుకున్న గిరాకీని తప్పుపట్టలేం. నగరంలో చెంగిచర్ల, అంబర్‌పేట, జియాగూడ వంటి చోట్ల వధశాలలున్నాయి. అక్కడ కోతకు ముందు జీవాన్ని, తర్వాత మాంసాన్ని పశువైద్యుడు చూసి ముద్ర వేయాలి. తొడ మీద సిరాతో పడే ఆ ముద్ర ఉందా లేదా అని అడిగేవాళ్లు వందకు ఒకరుంటే గొప్ప. అడగడం మొదలుపెడితే దుకాణం వెనకాలే కోసే అలవాటు తగ్గుతుంది. ఏదైనా మాంసం ఏ జంతువుదన్న అనుమానం వస్తే డీఎన్‌ఏ పరీక్షతో తేల్చే ప్రయోగశాల చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థలోనే ఉంది. 2006 ఆహార భద్రత చట్టం కింద చిన్న దుకాణమైనా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఇవన్నీ కాగితం మీద చక్కగా ఉన్నాయి.

అయినా దుకాణం వైపే మొగ్గు చూపాల్సిన కారణం ఉంది. తెలంగాణలో ఆరెకటికలు, ఖురేషీలు తరతరాలుగా ఈ పనిలో ఉన్నారు. కీలు ఎక్కడుందో వేలితో నొక్కి చూసి, బలం పెట్టకుండా జబ్బను విడదీయడం ఏ కోర్సులోనూ నేర్పేది కాదు. హైదరాబాదీ హలీం 2010లో భౌగోళిక గుర్తింపు పొందినప్పుడు వంటవాళ్లకు పేరొచ్చింది. దానికి కావలసిన కండను ఏరి ఇచ్చేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు.

పరిచయం వల్ల ఒరిగేదేమిటో పండగలప్పుడు తెలుస్తుంది. 2025లో దసరా సరిగ్గా గాంధీ జయంతి నాడు పడింది. అక్టోబరు 2న మాంసం దుకాణాలు మూసి ఉంచాలన్నది ఏటా ఉండే ఉత్తర్వే. తెలంగాణలో దసరా అంటే మటన్. ముందురోజే కొని పెట్టుకోవడం తప్ప దారి లేదు. అలాంటి రోజున ఫోన్ చేసి ‘‘అన్నా, రెండు కిలోలు పక్కన పెట్టు, బిర్యానీకి’’ అనగలిగినవాళ్ల పరిస్థితి వేరు, వరసలో నిలబడ్డవాళ్ల పరిస్థితి వేరు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగువాళ్లు కూడా ఈ బంధాన్ని అక్కడ కొత్తగా కలుపుకున్నారు. సూపర్ మార్కెట్‌లో ప్లాస్టిక్ చుట్టిన మాంసాన్ని దాటుకుని హలాల్ దుకాణానికి వెళ్లి, ‘గోట్, బోన్‌తో, చిన్న ముక్కలు’ అని చెప్పి, ఎదురుగా నిలబడి కొట్టించుకుంటారు. హైదరాబాద్‌లో డబ్బా తెప్పించుకున్నవాళ్లే అక్కడికెళ్లాక ఈ పని చేయడం కాస్త నవ్వు తెప్పిస్తుంది.

కొత్తగా వెళ్లేవాళ్లకు మొహమాటం సహజం. మొదట ఒక మామూలు రోజు, పొద్దున ఏడు లోపు వెళ్లాలి. రద్దీ ఉండదు, మాట్లాడే తీరిక ఉంటుంది. ఏం వండుతున్నారో, ఎందరు తింటారో, కుక్కరా గిన్నా అన్నది చెప్పాలి. మిగతాది అతనికి వదిలేయొచ్చు. బొక్కలు విడిగా కట్టించుకుంటే సాయంత్రానికి మరగ్ (మటన్ సూప్) అవుతుంది. తలకాయ ఆదివారానికి కావాలంటే శనివారం రాత్రే చెప్పి రావాలి. ఆడవాళ్లు మటన్ దుకాణానికి వెళ్లే అలవాటు చాలా ఇళ్లలో ఈ మధ్యే మొదలైంది. వండే మనిషే ఎదురుగా నిలబడి ‘‘ఈ నరం తీసేయ్ భాయ్, అటుపక్కది వెయ్’’ అంటుంటే బేరం ఒక్క నిమిషంలో తెగుతుంది. ఇంట్లో అడిగింది మధ్యలో మర్చిపోయి వచ్చే మగవాళ్లతో పోలిస్తే దుకాణదారుకూ ఇదే హాయి.

నగరపాలక సంస్థలు చేయాల్సింది కూడా పెద్ద ఖర్చుతో కూడినదేం కాదు. పేట మార్కెట్లలో నీటి కనెక్షన్, మురుగు లైను, అద్దాల తలుపులతో ఉండే చల్లటి అల్మారాకు సబ్సిడీ రుణం ఇస్తే చాలా దుకాణాల రూపు మారిపోతుంది. గొర్రెలు కొనడానికి 75 శాతం సబ్సిడీ ఇవ్వగలిగినప్పుడు, అవే గొర్రెలు మాంసమై చేరే చివరి గదికి ఒక ఫ్రిజ్ ఇవ్వలేరా? బోర్డు మీద ‘మటన్’ అని ఒకే ధర కాకుండా తొడ, సీనా, మెడ, ఖీమా వేర్వేరు ధరలకు రాయిస్తే కొనేవాళ్లకు తెలివి వస్తుంది, అమ్మేవాళ్లకు గిట్టుతుంది. దుకాణాలన్నీ వధశాలకే రావాలంటే అది దగ్గర్లో ఉండాలి, తలుపు వేళకు తెరవాలి. ముద్ర వేసే పశువైద్యుడు ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికే డ్యూటీలో ఉండాలి. ఎందుకంటే చింత మొద్దు ముందు గిరాకీ ఆరింటికే మొదలవుతుంది.